నలుగురితో నారాయణ అనలేని రైతు

1938 ఏప్రిల్ 10న ఆస్ట్రియాలో ఒక ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. మన దేశం జర్మనీలో కలిసిపోవడం మీకు సమ్మతమేనా అన్నది ప్రశ్న. అప్పటికి నెలరోజులుగా హిట్లర్ సైన్యం దేశంలో తిష్ఠ వేసుకుని కూర్చుంది. పెళ్లి అయిపోయాక పెళ్లిచూపులు పెట్టినట్టన్నమాట. అధికారిక లెక్కల ప్రకారం 99.73 శాతం మంది ఔనన్నారు. జర్మనీ సరిహద్దులో, సాల్జాఖ్ నది దగ్గర సాంక్ట్ రాడెగుండ్ అనే చిన్న ఊళ్లో లెక్క ఇంకా ముచ్చటగా తేలింది, నూటికి నూరు. నిజానికి అక్కడ ఒక ఓటు కాదని పడింది. ఊరి అధికారులు దాన్ని పైకి పంపలేదు. ఎందుకు దాచారో ఊహించడం పెద్ద కష్టం కాదు. హిట్లర్ పుట్టిన బ్రౌనౌ పట్టణం ఆ ఊరికి ఎంతో దూరం లేదు.

ఆ ఓటు ఫ్రాంజ్ యేగర్‌స్టెట్టర్ అనే రైతుది. అప్పటికి అతనికి 31 నిండలేదు. కొంత భూమి, పశువులు, భార్య, ఏడాది నిండని కూతురు. ఐదేళ్ల తర్వాత 1943 ఆగస్టు 9న బ్రాండెన్‌బుర్గ్ జైల్లో గిలటిన్ కింద అతని తల తీశారు. హిట్లర్ కోసం తుపాకి పట్టనని చెప్పడమే అతని నేరం. 2007లో కతోలిక శ్రీసభ అతన్ని వేదసాక్షిగా, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడిగా గుర్తించి, పునీతులకు ఒక మెట్టు కిందనుండే ధన్యుల వరుసలో చేర్చింది.

రోజులు బాగోలేనప్పుడు వేదసాక్షులు గుర్తుకు రావడం సహజం. టీవీ పెడితే యుద్ధం, ఫోన్ తెరిస్తే ద్వేషం, ఇంట్లో పిల్లల ఉద్యోగాల టెన్షన్. అలాంటప్పుడు ఆదివారం ప్రసంగంలో ‘వారిలా ధైర్యంగా నిలబడండి’ అని వింటే ఒక్క క్షణం ఒళ్లు పులకరిస్తుంది. ఇంటికొచ్చి అన్నం తిన్నాక ఏం చేయాలో మాత్రం తెలియదు. మనకు ఎప్పుడూ ఆఖరి ఘట్టమే చూపిస్తారు. సెబాస్తియన్ ఒంటినిండా బాణాలు, దేవసహాయం చేతులకు సంకెళ్లు. చూసి దండం పెట్టుకుని వచ్చేస్తాం. అంత ధైర్యం వాళ్లకెలా వచ్చిందని అడగం. అడిగినా దేవుడిచ్చాడంటారు. నిజమే కావచ్చు, కానీ దాంతో సంభాషణ ముగిసిపోతుంది.

యేగర్‌స్టెట్టర్ కథలో నన్ను పట్టుకున్నది చివరి రోజు కాదు. 1938కీ 1943కీ మధ్య నడిచిన ఆ ఐదేళ్లు. ధైర్యం ఎలా తయారవుతుందో, ఎక్కడ తడబడుతుందో, ఎవరి దగ్గర అప్పు తెచ్చుకుంటుందో దాదాపు అడుగడుగునా కనిపించే కథ అది. అతని ఉత్తరాలు, నోటుపుస్తకాలు మిగిలాయి కాబట్టి ఊహలతో పని లేదు.

మొదట ఒకటి చెప్పుకోవాలి. అతను పుట్టుకతో పుణ్యాత్ముడేమీ కాదు. పెళ్లికాని పనిమనిషికి పుట్టాడు, చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర పెరిగాడు. కన్నతండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో పోయాడు. తల్లి తర్వాత పెళ్లి చేసుకున్న రైతు దత్తత తీసుకుని తన ఇంటిపేరిచ్చాడు. కుర్రతనంలో గొడవలకు వెనకాడే రకం కాదు. కొన్నాళ్లు ఇనుప గనుల్లో పనిచేసి, ఆ డబ్బుతో మోటార్‌సైకిల్ కొనుక్కుని వచ్చాడు. ఊళ్లో అదే మొదటి బండి. 1933లో, పెళ్లి కాకుండానే, ఒక ఆడపిల్లకు తండ్రయ్యాడు. 1936లో పవిత్ర గురువారం నాడు ఫ్రాన్సిస్కాను పెళ్లాడి, కొత్త పెళ్లాంతో రోముకు యాత్ర వెళ్లొచ్చాడు. ఆ తర్వాతే మనిషి కుదురుకున్నాడని, పెళ్లామే అతన్ని గుడికి అలవాటు చేసిందని ఊరివాళ్లు చెప్పుకునేవారు. అదే మాటను తర్వాత ఆమె మీద నిందగా మార్చారు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

1938 జనవరిలో అతనికొక కల వచ్చింది. ఒక కొండను చుట్టుకుంటూ అందమైన రైలు వస్తోంది. పిల్లలు, పెద్దలు అందరూ ఎగబడి ఎక్కుతున్నారు, ఎవరూ ఆగడం లేదు. ఇంతలో ఒక గొంతు, ‘ఈ రైలు నరకానికి పోతోంది’ అంది. ఆ రైలు నాజీ పార్టీయేనని తనకు తర్వాత తట్టిందని రాసుకున్నాడు. కలల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కానీ ఆ కలలో రైలు అందంగా ఉండటం గమనించదగ్గది. జనం భయపడి ఎక్కడం లేదు, సరదాపడి ఎక్కుతున్నారు. నియంతలు జనాన్ని మెడ పట్టుకుని తోసుకెళ్తారనే మన సినిమా ఊహకు ఇది సరిపోదు. 1938లో ఆస్ట్రియా జనం వీధుల్లో పూలు చల్లారు. పీఠాధిపతులు (బిషప్పులు) ‘ఔను’కు ఓటేయమని ప్రకటన ఇచ్చారు. దానితో పంపిన ఉత్తరం అడుగున వియన్నా కార్డినల్ ఇన్నిట్జర్ తన చేత్తో ‘హైల్ హిట్లర్’ అని రాసి సంతకం పెట్టారు. ఊరు ఊరంతా, పైన శ్రీసభ పెద్దలూ ఔనంటుంటే ఒక పల్లెటూరి రైతు కాదన్నాడు. చదువుకున్నది ఊరిబడి చదువు. పత్రికలు, పుణ్యచరిత్రలు, బైబిలు శ్రద్ధగా చదివే అలవాటు మాత్రం ఉంది.

ఓటు తర్వాత అతను చేసినవన్నీ చిన్న పనులే. ప్రభుత్వం పిల్లలున్న కుటుంబాలకు ఇచ్చే భత్యం తీసుకోలేదు. పంట దెబ్బతింటే ఇచ్చిన సహాయమూ వద్దన్నాడు. పార్టీ చందాలకు చేయి చాపితే ఇవ్వలేదు. ఎదురుపడి ‘హైల్ హిట్లర్’ అన్నవాళ్లకు ‘ఛీ హిట్లర్’ అని బదులిచ్చేవాడని ఊళ్లో చెప్పుకునేవారు. అతనికి అప్పటికి ఇద్దరు, తర్వాత ముగ్గురు ఆడపిల్లలు. ఆ డబ్బు అవసరం లేని ఇల్లేం కాదు. ‘వాడి డబ్బు తీసుకుని వాడికే వ్యతిరేకంగా ఓటేద్దాం’ అనే తెలివి మనకు బాగా తెలుసు. ఎన్నికల ముందురోజు రాత్రి కవర్లు పంచే ఊళ్లలో అందరూ చెప్పే సమర్థన అదే. యేగర్‌స్టెట్టర్ ఆ తెలివిని నమ్మలేదు. ఒకసారి చేయి చాపాక రేపు పెద్ద పని అడిగినప్పుడు నోరు లేస్తుందా అన్నది అతని అనుమానం. నా లెక్కలో అతని ధైర్యం అక్కడ తయారైంది, జైల్లో కాదు. ఆ చిన్న కాదనడాలన్నీ సాధన. మరణశిక్ష ముందు నిలబడ్డనాటికి ఆ మాట అతని నోటికి కొత్త కాదు.

అయినా దారి తిన్నగా లేదు. ఇది ప్రసంగాల్లో సాధారణంగా వదిలేసే భాగం. 1940 జూన్‌లో సైన్యం నుంచి పిలుపొస్తే వెళ్లాడు, ప్రమాణమూ చేశాడు. ఊరి మేయర్ కలగజేసుకుని వెనక్కి రప్పించాడు. మళ్లీ అక్టోబరులో పిలిస్తే వెళ్లి, ఎన్స్ పట్టణంలో ఆరునెలలు శిక్షణ పొందాడు. 1941 ఏప్రిల్‌లో, వ్యవసాయం చూసుకోవాలనే కారణం మీద ఇంటికి పంపారు. అంటే హిట్లర్ యూనిఫాం వేసుకున్నవాడే, లోపల ఏముందో చూసొచ్చినవాడే. ఆ రోజుల్లోనే మానసిక రోగులను ప్రభుత్వం చంపిస్తోందన్న సంగతి చెవిన పడింది. ఇంటికొచ్చాక, ఇంకోసారి పిలిస్తే వెళ్లనని తేల్చుకున్నాడు. గుడి గంట కొట్టడం, దేవాలయం బాగోగులు చూడటం ఒప్పుకున్నాడు. రోజూ దివ్యబలిపూజకు వెళ్లేవాడు. కోడి కూయకముందు పశువుల పని, ఆ తర్వాత గుడి, ఆపైన పొలం.

రాత్రిళ్లు నోటుపుస్తకంలో రాసుకునేవాడు. రష్యా మీద యుద్ధాన్ని అందరూ దేవుడు లేడనే బోల్షివిక్కుల మీద ధర్మయుద్ధమని చెబుతుంటే, ఈ రైతు వేసిన ప్రశ్న చూడండి: మనం అక్కడ పోరాడుతున్నది సిద్ధాంతంతోనా, లేక వాళ్ల ఖనిజాల కోసం, చమురు బావుల కోసం, మంచి పంటభూముల కోసమా? ఇప్పటి యుద్ధాల మీద టీవీ చర్చల్లో కూర్చునే వాళ్లలో ఎంతమంది ఇంత సూటిగా అడుగుతారు? ప్రశ్న వేసుకోగలగడమే సగం ధైర్యం. మిగతా సగం జవాబు దొరికాక మాట మార్చకపోవడం.

ఒంటరిగా తేల్చుకోవడం ఇష్టంలేక పెద్దల దగ్గరకు కూడా పోయాడు. గుడి గురువులను (ఫాదర్లను) అడిగాడు. వాళ్లలో ఎక్కువమంది కుటుంబం గురించి ఆలోచించమన్నారు. చివరకు ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని తమ ప్రాంతపు బిషప్పు ఉండే లింజ్ మేత్రాసనానికి వెళ్లి పీఠాధిపతి ఫ్లీసర్‌ను కలిశాడు. ఫ్రాన్సిస్కా బయట కూర్చుంది. ఈ యుద్ధం న్యాయమైనదేనా, ఇందులో చేరడం పాపం కాదా అన్నది అతని గుండెలోని ప్రశ్న. ప్రభుత్వం చేసే పనుల మంచిచెడ్డలు తేల్చడం నీ బాధ్యత కాదు, నీ బాధ్యత నీ కుటుంబం అన్నది పీఠాధిపతి సలహా సారాంశం. బయటికొచ్చాక భార్యతో, వాళ్లకే ధైర్యం లేదు, మాట్లాడితే రేపు వాళ్ల వంతు వస్తుంది అన్నాడట. నాజీ మనిషేమోనని తనను అనుమానించి ఉంటారని కూడా అనుకున్నాడు. పీఠాధిపతి మీద కోపం పెంచుకోలేదు. కానీ సలహాను తీసుకోనూ లేదు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. కతోలికుడికి గురువు మాట, పీఠాధిపతి మాట మామూలు మాట కాదు. తిరుగుబాటుదారుడికి పై వాళ్ల మాట కాదనడం తేలిక, అతనికి అది అలవాటు. విధేయుడికి కష్టం. యేగర్‌స్టెట్టర్ శ్రీసభను వదిలేయలేదు, దాన్ని తిట్టుకుంటూ తిరగలేదు. గంట కొడుతూనే, జపమాల చెబుతూనే, ‘ఈ విషయంలో మీరు చెప్పింది నా మనస్సాక్షికి ఒప్పడం లేదు’ అన్నాడు. నలుగురితో నారాయణ అనడం మనలో చాలామందికి లౌక్యం, కొందరికి భయం. అతను ఆ నలుగురితో కలిసి రోజూ ప్రార్థించాడు, ఒక్క మాట దగ్గర మాత్రం వాళ్లతో కలవలేకపోయాడు. ఇది తెగదెంపులు చేసుకోవడం కన్నా చాలా ఎక్కువ ఓపిక అడిగే పని.

1943 ఫిబ్రవరిలో మూడో పిలుపు వచ్చింది. మార్చి 1న ఎన్స్ శిబిరానికి వెళ్లి, పోరాడనని చెప్పాడు. పారిపోలేదు, అడవుల్లో దాక్కోలేదు. దాక్కుంటే ఇంటివాళ్ల మీద పడతారని తెలుసు. లింజ్ జైలు, ఆ తర్వాత మే నెలలో బెర్లిన్‌లోని టేగెల్ జైలు. గాయపడినవాళ్లకు సేవచేసే పనైతే చేస్తానన్నాడు, పట్టించుకోలేదు. జూలై 6న సైనిక న్యాయస్థానం మరణశిక్ష వేసింది.

బెర్లిన్‌కు చేరేసరికి అతను ఎంత ఒంటరో చూడండి. ఊరు, గురువులు, పీఠాధిపతి, వకీలు, అందరూ ఒకవైపు. లక్షలమంది కతోలికులు సైన్యంలో ఉన్నారు కదా, వాళ్లందరూ తప్పు చేస్తున్నారా అన్నది అందరి వాదన. అంతమంది తప్పు, నేనొక్కణ్నే ఒప్పు అనుకోవడం గర్వమేమో అన్న శంక ఏ నిజాయితీపరుణ్నయినా తొలుస్తుంది. అప్పుడు జైలుకు వచ్చిపోయే క్రాయిట్స్‌బెర్గ్ అనే గురువు ఒక సంగతి చెప్పాడు. ఫ్రాంజ్ రైనిష్ అనే ఆస్ట్రియా గురువు ఒకరు హిట్లర్ పేర ప్రమాణం చేయనని, సరిగ్గా ఇదే కారణంతో, ఏడాది కిందట 1942 ఆగస్టులో బ్రాండెన్‌బుర్గ్‌లోనే ప్రాణం వదిలాడని. అది విని యేగర్‌స్టెట్టర్ పెద్ద బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకున్నాడట. ఒక గురువే ఈ దారిన వెళ్లాడంటే నేను తప్పుదారిలో లేనట్టే అన్నాడట.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన చోటు ఇదే. మనం ఇవాళ ఎవరి నుంచి ధైర్యం తెచ్చుకోవాలని చూస్తున్నామో, ఆ మనిషే ఇంకొకరి నుంచి ధైర్యం తెచ్చుకున్నాడు. ఆ ఇంకొకరు పీఠం మీద నిలబెట్టిన పునీతుడు కాదు. పేపర్లో పేరు రాని, ఏడాది కిందట చనిపోయిన సాటి ఖైదీ. పైగా యేగర్‌స్టెట్టర్‌కు కావలసింది చావడానికి ధైర్యం కాదు, అదప్పటికే ఉంది. నాకు పిచ్చి పట్టలేదు కదా అన్న భరోసా కావాలి. వేదసాక్షి ఆదర్శం నిజంగా చేసే పని అదేననిపిస్తుంది. ఎవరినీ వీరుణ్ని చేయదు. నీలాగా ఆలోచించినవాడు ఒకడున్నాడు, నువ్వేం వెర్రివాడివి కావు అని చెబుతుంది.

అతనికున్న రెండో ఆసరా ఫ్రాన్సిస్కా. మొదట్లో ఆమె బతిమాలింది. ప్రాణం మీదికి తెచ్చుకోవద్దంది. తర్వాత ఊరంతా అతన్ని తిడుతుంటే ఆపేసింది. ‘నేను కూడా అతని పక్కన నిలబడకపోతే అతనికి ఎవరూ ఉండరు’ అని వృద్ధాప్యంలో చెప్పుకుంది. ఒప్పుకుని నిలబడటం వేరు, ఒప్పకపోయినా నిలబడటం వేరు. 1943 జూలైలో ఆమె, ఊరి గురువుతో కలిసి బెర్లిన్‌ దాకా వెళ్లింది. యుద్ధం మధ్యలో అంత దూరం రైల్లో. దక్కింది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో కూడా గురువు అతని మనసు మార్చాలనే చూశాడు.

‘పిల్లల గతేంటి?’ ఈ ప్రశ్నకు యేగర్‌స్టెట్టర్ భక్తులు తేలిగ్గా జవాబు చెప్పేస్తారు, దేవుడు చూసుకున్నాడని. నేను చెప్పలేను. నిజంగా చూసుకున్నది ఫ్రాన్సిస్కా. ముగ్గురు చిన్నపిల్లలు, పొలం, పశువులు, కొడుకు చావుకు కోడలే కారణమని నమ్మిన అత్తగారు. ఊళ్లో చాలామంది ముఖం తిప్పుకున్నారు. యుద్ధంలో చచ్చిపోయినవాళ్ల భార్యలకు పింఛన్ వచ్చింది, ఆమెకు 1950 వరకు రాలేదు. భర్త పాపం చేయనన్నాడు కాబట్టి భార్య శిక్ష అనుభవించింది. ఈ లెక్క సరిపెట్టడం ఎవరి తరమూ కాదు, సరిపెట్టినట్టు నటించడం ఆమెకు అన్యాయం. యేగర్‌స్టెట్టర్‌కు కూడా ఇది తెలుసు. పిల్లల కోసం దేవుణ్ని నొప్పించవచ్చని ఎక్కడా రాసి లేదని రాసుకున్నాడు. చివరి ఉత్తరంలో భార్యనూ తల్లినీ క్షమించమని అడిగాడు. పని తప్పు కాదు, దాని బరువు ఇంకొకరి మీద పడుతోంది. రెండూ ఒకేసారి నిజం.

అతను చేతులకు బేడీలుండగానే రాసిన మాట ఒకటి ఉంది: ‘చేతులకు సంకెళ్లతో రాస్తున్నాను, మనసుకు సంకెళ్లు పడటం కన్నా ఇదే మేలు’. ఆఖరి రోజు బ్రాండెన్‌బుర్గ్‌లో అతని దగ్గరికి వెళ్లిన గురువు యోఖ్‌మన్, బల్ల మీద ఒక కాగితం ఉందని, సంతకం పెడితే ప్రాణం దక్కుతుందని గుర్తుచేస్తే పక్కకు నెట్టేశాడని చెబుతారు. అన్యాయపు యుద్ధం చేసే ప్రభుత్వానికి ప్రమాణం చేయలేనన్నాడట.

అతని చావు వల్ల యుద్ధం ఒక్క గంట ముందు ఆగిందా? లేదు. చరిత్ర తెలిసినవాళ్లు నిలదీసే మాట ఇది, నిలదీయాలి కూడా. బెర్లిన్ న్యాయమూర్తులకు ఆ రోజు అతనొక ఫైలు. 1946లో అతని బూడిద ఊరికి తెచ్చి గుడి గోడ పక్కన పాతిపెట్టారు. అతని గురించి మేత్రాసన పత్రికలో రాస్తామంటే అదే పీఠాధిపతి ఫ్లీసర్ ఒప్పుకోలేదు. కర్తవ్యం అని నమ్మి యుద్ధంలో చనిపోయిన కుర్రాళ్లే గొప్ప వీరులన్నది ఆయన అభిప్రాయం. పెద్దాయన్ని ఇక్కడ విలన్‌ను చేయడం సులువు. కానీ ఒక్కసారి ఆయన కుర్చీలో కూర్చుని చూడండి. మేత్రాసనంలో వేల ఇళ్లలో కొడుకులు పోయారు. ఈ రైతు చేసింది ఒప్పయితే ఆ కొడుకులంతా దేనికోసం చచ్చిపోయారు అని ప్రతి తల్లీ అడుగుతుంది. జవాబు ఆయన దగ్గర లేదు. ఆ ప్రశ్నను ఆ దేశం దశాబ్దాలపాటు తప్పించుకుంది.

అయితే మాట చచ్చిపోలేదు. జర్మన్ కతోలికులు హిట్లర్ యుద్ధాన్ని ఎలా భరించారో పరిశోధిస్తున్న గార్డన్ జాన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తకు ఈ పేరు తగిలింది. ఆయన కూడా రెండో ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టనన్న మనిషే. ఆ ఊరికి వెళ్లి, మనుషులతో మాట్లాడి 1964లో పుస్తకం తెచ్చాడు. ఆ తర్వాత ఈ కథను, ప్రపంచ కతోలిక పీఠాధిపతులు కలిసిన వాటికన్ రెండో మహాసభ ముందుకు తీసుకొచ్చింది ఎవరో తెలుసా? మన బొంబాయి మాజీ అగ్రపీఠాధిపతి థామస్ రాబర్ట్స్. ఇంగ్లండ్‌కు చెందిన ఏసుసభ (జెసూట్) గురువు. 1937 నుంచి బొంబాయి పీఠంలో ఉండి, ఆ కుర్చీలో భారతీయుడే కూర్చోవాలని తానే తప్పుకున్న మనిషి. కుర్చీ వదలడం తెలిసినవాడికి ఈ రైతు అర్థమవడంలో ఆశ్చర్యం లేదు. 1965 డిసెంబరులో ఆ సభ వెలువరించిన పత్రంలో, మనస్సాక్షి కారణంగా ఆయుధం పట్టనివాళ్లకు చట్టాలు మానవీయంగా చోటివ్వాలని, వాళ్లు వేరే సేవ చేస్తే చాలని చేర్చారు. ఆ ఒక్క వాక్యానికి కారణం యేగర్‌స్టెట్టర్ ఒక్కడే అనను. కానీ రెండు దశాబ్దాల కిందట లింజ్‌లో అతనికి దొరకని జవాబు అదే.

1997లో బెర్లిన్ న్యాయస్థానం అతని మరణశిక్షను రద్దు చేసింది. 2007 అక్టోబరు 26న లింజ్ ప్రధాన దేవాలయంలో అతన్ని ధన్యుడిగా ప్రకటించారు. 94 ఏళ్ల ఫ్రాన్సిస్కా ముందు వరుసలో ఉంది. దానికి ఆమోదం తెలిపిన 16వ బెనెడిక్ట్ పోపు గారు చిన్నతనంలో కొన్నాళ్లు సాల్జాఖ్ నదికి అవతలి ఒడ్డున పెరిగినవారే. యేగర్‌స్టెట్టర్ తల తెగిన ఆ 1943 ఆగస్టులోనే, 16 ఏళ్ల వయసులో, ఆయన్ని విమాన విధ్వంసక దళంలో సహాయకుడిగా బలవంతంగా చేర్చుకున్నారు. ఒకే నదికి అటొకరు, ఇటొకరు. ఇందులో ఎవరినీ వేలెత్తి చూపే ఉద్దేశం లేదు, అప్పటి కాలం ఎలాంటిదో చెప్పడానికే రాశాను.

ఇది యూరప్ గొడవ, మనకేంటి అనేవాళ్లకు ఒక కేసు గుర్తుచేయాలి. హిట్లర్ సైన్యంలో చేరబోమని ప్రాణాలిచ్చినవాళ్లలో ఎక్కువమంది కతోలికులు కారు, యెహోవా సాక్షులు అనే మతశాఖవాళ్లు. అదే విశ్వాసానికి చెందిన ముగ్గురు పిల్లలను 1985లో కేరళలో బడి నుంచి గెంటేశారు. జాతీయగీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడ్డారు, కానీ పాడలేదు. తమ మతం ఒప్పదన్నారు. హైకోర్టు కూడా వాళ్ల మాట వినలేదు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్లను బడిలో చేర్చుకోమంది. తీర్పు రాసింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన మన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఆ నమ్మకం మనకు నచ్చిందా, సబబుగా ఉందా అన్నది ప్రశ్న కాదని, వాళ్లు దాన్ని నిజాయితీగా నమ్ముతున్నారా లేదా అన్నదే చూడాలని ఆయన రాశారు. సహనం మన సంప్రదాయమని, రాజ్యాంగమూ దాన్నే పాటిస్తోందని, దాన్ని పలచన చేయవద్దని ముగించారు. నలుగురితో గొంతు కలపనివాడికి చట్టం చోటిచ్చిందంటే అది పిరికివాళ్లకు కూడా ఊరట. అందరూ గిలటిన్ దాకా పోనక్కర్లేని దేశమే మంచి దేశం. అలాంటి తీర్పు ఇవాళ వస్తుందా అన్న అనుమానం నాకుంది. అందుకే దాన్ని మళ్లీమళ్లీ చదువుతుంటాను.

మన దగ్గర సైన్యంలో నిర్బంధంగా చేరాల్సిన పని లేదు. ఎవరూ మనల్ని గిలటిన్ గదిలోకి తీసుకెళ్లరు. మన ముందుకొచ్చే కాగితాలు వేరు. ఆరంగుళాల మందం పోయాల్సిన సీసీ రోడ్డు నాలుగే పోసి, పని కొలతలు రాసే ఎం-బుక్‌లో ఆరని ఎక్కించమంటారు. ఎక్కించకపోతే బదిలీ, ఎక్కిస్తే అందరితో పాటు వాటా. ఆ పుస్తకం ముందు పెన్ను పట్టుకుని కూర్చున్న కుర్ర ఇంజనీరుకు ‘సార్, అందరూ పెట్టేదే కదా’ అని కాంట్రాక్టరు నవ్వుతూ చెప్పే మాట, బెర్లిన్ వకీలు చెప్పిన మాట ఒకటే. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెద్దనాన్న ఎక్కడిదో పాత వీడియో పెట్టి, ఫలానా మతంవాళ్లు చేసిన ఘోరం చూడండి అంటాడు. ముప్పై మంది దండాలు, నిప్పులు పెడతారు. ‘పెద్దనాన్నా, ఇది మన దేశంలో తీసింది కాదు’ అని రాయడానికి తమ్ముళ్ల కొడుకుల్లో ఒక్కడికీ చేయి ఆడదు. రాస్తే పండక్కి ఇంటికెళ్లినప్పుడు మాటలుండవు. అంతే, అంతకు మించి ఏ ప్రమాదమూ లేదు. అంతకే నోరు పడిపోతోంది.

వీటిని ఆ రైతు చావుతో పోల్చడం లేదు, పోల్చకూడదు. అతను వద్దన్న పిల్లల భత్యంతో పోలుస్తున్నాను. పెద్ద ధైర్యం ఎవరికి వస్తుందో ఎవరూ చెప్పలేరు. భత్యం వద్దనడం మాత్రం అందరి చేతిలోనూ ఉంది. పైగా ఆ గ్రూపులో ఒక్కరు రాస్తే, చదివి ఊరుకున్న ఇంకో తమ్ముడి కొడుక్కి తను వెర్రివాణ్ని కానని తెలుస్తుంది. రైనిష్ సంగతి విన్న యేగర్‌స్టెట్టర్ లాగా.

ఏటా ఆగస్టు 9 వస్తుంది, పోతుంది. 15న మరియమాత మోక్షారోపణ పండుగ, స్వాతంత్ర్య దినం ఏర్పాట్లలో మన విచారణల్లో (పారిష్‌లలో) అతని పేరు పలికేవాళ్లు తక్కువ. పలికినా హిట్లర్‌ను ఎదిరించిన వీరుడని రెండు ముక్కల్లో ముగిస్తారు. చెబితే మొత్తం చెప్పాలి. మోటార్‌సైకిలూ, పెళ్లికి ముందు పుట్టిన బిడ్డా, మొదట చేసిన ప్రమాణమూ, పీఠాధిపతి గదిలో దొరకని జవాబూ, ఫ్రాన్సిస్కాకు రాని పింఛనూ అన్నీ. తన తప్పును శ్రీసభ తన గుడిలోనే, తన గొంతుతోనే చెప్పగలిగితే, వెనక వరుసలో కూర్చున్న ఆ కుర్ర ఇంజనీరు మరునాడు ఎం-బుక్ తెరిచేటప్పుడు అతనికి పనికొచ్చేది ఒకటి దొరుకుతుంది.